పాత ఫోర్‌వీల్ డ్రైవ్ వాహనాలలో స్టీరింగు వదులు

పాత ఫోర్‌వీల్ డ్రైవ్ వాహనాలలో స్టీరింగు వదులు అనగా స్టీరింగు చక్రాన్ని కొంతమేర తిప్పినా ముందు చక్రాలు కదలకపోవడం, లేదా స్టీరింగు చక్రాన్ని నిలకడగా పట్టుకున్నా బండి తిన్నని దారిలో నిలవక అటూ ఇటూ జరగడం. ఈ రెండు లోపాలు తరచుగా కలిసే కనిపిస్తాయి గాని రెండూ ఒకటి కావు. మొదటిది అరిగిన కీళ్ళకు, బిగువు తప్పిన భాగాలకు సంబంధించినది. రెండవది వాటితో పాటు టైర్లకు, చక్రాల కోణాలకు, కమాన్లకు, వెనుక ఇరుసుకు కూడా సంబంధించినది. అందువలన కీళ్ళన్నీ కొత్తవి వేసిన తరువాత కూడా బండి దారి నిలవకపోవచ్చు. లోపం ఎక్కడ ఉన్నదో ఒక క్రమంలో పరీక్షించి తెలుసుకున్న తరువాతనే భాగాలను మార్చడం గాని బిగించడం గాని చేయాలి.

ఈ వ్యాసంలో ముఖ్యంగా ముందు భాగంలో ఒకే కడ్డీ ఇరుసు, కమాన్ కట్టలు గల విల్లీస్ తరహా జీపులను దృష్టిలో ఉంచుకొని పరీక్షా విధానం వివరించబడింది. ఇదే తరహా ముందు ఇరుసు గల ఇతర పాత వాహనాలకు కూడా ఇందులోని సూత్రాలు వర్తిస్తాయి.

నేపథ్యం

రెండవ ప్రపంచ యుద్ధకాలంలో అమెరికా సైన్యం కొరకు 1941 నుండి విల్లీస్ ఎంబీ జీపులు తయారయ్యాయి. యుద్ధం ముగిసిన 1945లోనే వాటి పౌర రూపమైన సీజే-2ఏ వెలువడింది. 1953లో సీజే-3బీ వచ్చింది. మహీంద్రా సంస్థ 1940ల చివరి నుండి విల్లీస్ జీపులను భారతదేశంలో కూర్చడం ప్రారంభించి, తరువాతి దశాబ్దాలలో వాటి వారసులను ఇక్కడే తయారుచేసింది. 1985లో మారుతి జిప్సీ వచ్చింది. ఇది వేరే వంశానికి చెందిన వాహనమే అయినా, దీని ముందు ఇరుసు, కమాన్ కట్టల అమరిక స్థూలంగా జీపును పోలి ఉంటుంది.

ఆంధ్ర ప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాలలో ప్రభుత్వ శాఖలు, అటవీ సిబ్బంది, పోలీసులు, రైతులు దశాబ్దాల పాటు జీపులను విరివిగా వాడారు. అరకు, పాడేరు వంటి మన్య ప్రాంతాలలో ఊరికీ సంతకూ మధ్య ప్రయాణికులను చేరవేయడానికి కూడా జీపులు ఉపయోగపడ్డాయి. మలుపులు, లోయలు గల ఘాట్ రోడ్డు మీద స్టీరింగు వదులుగా ఉన్న బండి అందులోని వారికే గాక ఎదురు వచ్చే వారికీ ప్రమాదకరం.

స్టీరింగు అమరిక

డ్రైవరు చేతి కదలిక ముందు టైర్ల దాకా ఒక గొలుసులాగా ప్రయాణిస్తుంది. ఆ గొలుసులోని ప్రధానమైన లంకెలు ఇవి:

* స్టీరింగు చక్రం, దాని కడ్డీ, కొన్ని వాహనాలలో ఆ కడ్డీ మధ్యలో ఉండే కీలు.
* స్టీరింగు పెట్టె. ఇది ఛాసిస్‌కు బోల్టులతో బిగించబడి ఉంటుంది. చక్రపు తిరుగుడును తగ్గించి, బలాన్ని పెంచి, డ్రాప్ ఆర్మ్‌ను ముందుకూ వెనుకకూ లేదా పక్కలకూ ఆడిస్తుంది.
* డ్రాగ్ లింకు. డ్రాప్ ఆర్మ్ కదలికను ముందుకు చేరవేసే కడ్డీ.
* టై రాడ్. ఎడమ, కుడి చక్రాలను కలిపి ఉంచే కడ్డీ. దీని కొసలలో బంతి కీళ్ళు ఉంటాయి.
* నాకిల్, కింగ్ పిన్నులు. చక్రం ఏ అక్షం చుట్టూ పక్కకు తిరుగుతుందో ఆ అక్షం ఇదే.
* చక్రపు బేరింగులు, చివరకు టైరు.

ఎంబీ నుండి సీజే-3బీ వరకు గల పాత విల్లీస్ జీపులలో డ్రాగ్ లింకు తిన్నగా చక్రానికి చేరదు. అది మధ్యలో ఒక పిన్ను చుట్టూ తిరిగే బెల్ క్రాంక్‌ను ఆడిస్తుంది. బెల్ క్రాంక్ నుండి రెండు వేర్వేరు టై రాడ్లు ఎడమకూ కుడికీ వెళతాయి. కీళ్ళ సంఖ్య పెరిగే కొద్దీ అరుగుదల కూడా పోగవుతుంది. బెల్ క్రాంక్ పిన్ను అరిగితే ఆ ఒక్క లోపం రెండు చక్రాలనూ ఒకేసారి వదులు చేస్తుంది. అందుచేత ఈ బండ్లలో మొదట అనుమానించవలసిన భాగాలలో ఇది ఒకటి.

ఫోర్‌వీల్ డ్రైవ్ వాహనపు కింగ్ పిన్ను సాధారణ లారీ కింగ్ పిన్ను వంటిది కాదు. చక్రాన్ని తిప్పే కడ్డీ నాకిల్ మధ్య నుండి వెళ్ళాలి కనుక అక్కడ పొడవైన ఒకే పిన్ను పట్టదు. దానికి బదులు పైన ఒకటి, కింద ఒకటి పొట్టి పిన్నులు, వాటికి విడివిడిగా బేరింగులు ఉంటాయి. వీటి బిగువును షిమ్ అనే పలుచని రేకులతో సరిచేస్తారు.

వదులు ఎంత ఉంటే ప్రమాదం

ఏ స్టీరింగులోనైనా కొద్దిపాటి వదులు సహజం. భారతదేశపు కేంద్ర మోటారు వాహనాల నియమావళి, 1989 ప్రకారం స్టీరింగు చక్రం వద్ద వదులు 30 డిగ్రీలకు మించరాదు. 40 సెంటీమీటర్ల వ్యాసం గల స్టీరింగు చక్రం అంచు వద్ద 30 డిగ్రీలు అంటే సుమారు 10.5 సెంటీమీటర్లు. ఇది చట్టం ఒప్పే గరిష్ఠ హద్దు మాత్రమే. మంచి స్థితిలో ఉన్న బండిలో వదులు ఇంతకంటే చాలా తక్కువగా ఉండాలి.

ఒక లెక్క చూస్తే విషయం స్పష్టమవుతుంది. స్టీరింగు నిష్పత్తి 15:1 అనుకుంటే, స్టీరింగు చక్రం వద్ద 15 డిగ్రీల వదులు ముందు చక్రాల వద్ద 1 డిగ్రీకి సమానం. సీజే-3బీ ముందు, వెనుక ఇరుసుల మధ్య దూరం సుమారు 203 సెంటీమీటర్లు. ఈ బండి గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోతున్నప్పుడు ముందు చక్రాలు 1 డిగ్రీ పక్కకు తిరిగితే, ఒక సెకను గడిచేసరికి బండి తన దారి నుండి సుమారు 1.2 మీటర్లు తొలగుతుంది. సన్నని రోడ్డు మీద అది ఎదురు బండిని తాకడానికి చాలినంత దూరం.

లక్షణాలను వేరు చేయడం

"స్టీరింగు బాగాలేదు" అనే ఒకే ఫిర్యాదు వెనుక అనేక లోపాలు ఉండవచ్చు. బండిని నడిపిన వ్యక్తి ఏమి గమనించాడో ముందుగా అడిగి తెలుసుకోవాలి.

* స్టీరింగు చక్రం తిప్పినా మొదట ఏమీ జరగక, ఆ తరువాత బండి తిరగడం: గొలుసులో ఎక్కడో ఖాళీ ఉన్నది.
* చక్రం గట్టిగానే ఉన్నా బండి తిన్నగా పోకపోవడం: టైర్లు, చక్రాల కోణాలు, కింగ్ పిన్ను బేరింగులు, వెనుక ఇరుసు.
* ఎల్లప్పుడూ ఒకే పక్కకు లాగడం: టైర్లలో గాలి తేడా, ఒక పక్క పట్టుకొని ఉన్న బ్రేకు, రెండు పక్కలా కోణాలు సమానంగా లేకపోవడం.
* గతుకు తగిలినప్పుడు మాత్రమే పక్కకు దూకడం: డ్రాగ్ లింకు వాలు, కమాన్ల వదులు.
* ఒక వేగం వద్ద ముందు చక్రాలు తీవ్రంగా కొట్టుకోవడం: దీనిని షిమ్మీ అంటారు. చక్రం సమతూకం లోపించడం లేదా టైరు వంకర దీనిని ప్రేరేపిస్తాయి. కీళ్ళు, బేరింగుల వదులు దీనిని పెంచుతుంది.
* మలుపు తరువాత చక్రం తనంతట తాను మధ్యకు రాకపోవడం: కాస్టర్ కోణం తక్కువ, లేదా ఎక్కడో అతిబిగువు.

పొడి తారురోడ్డు మీద ఫోర్‌వీల్ డ్రైవ్ వేసి ఉంచితే స్టీరింగు బరువెక్కి, మలుపులో బండి ముక్కుతున్నట్లు ఉంటుంది. ఇది లోపం కాదు. కావున పరీక్షకు ముందు బండి టూవీల్ డ్రైవ్‌లోనే ఉన్నదని నిర్ధారించుకోవాలి.

పరీక్షా క్రమం

చేతికి సులభంగా అందేవి, ఖర్చు లేనివి ముందు, విప్పవలసినవి తరువాత. ఈ క్రమం పాటిస్తే అనవసరంగా భాగాలు మార్చే అవసరం తగ్గుతుంది.

టైర్లు, బరువు

మొదట నాలుగు టైర్ల గాలిని, చల్లగా ఉన్నప్పుడు, తయారీదారు సూచించిన కొలతకు తేవాలి. ముందు టైర్లు రెండూ ఒకే కొలత, ఒకే రకం, ఇంచుమించు ఒకే అరుగుదల కలిగి ఉండాలి. గాలి తక్కువైన టైరు పక్క గోడ మెత్తబడి, బండి తేలుతున్నట్లు అనిపిస్తుంది. పెద్ద గళ్ళ బురద టైర్లు తారురోడ్డు మీద స్వభావరీత్యానే కొంత అటూ ఇటూ కదులుతాయి.

బరువు ఎక్కడ ఉన్నదీ చూడాలి. వెనుక ఇరుసుకు అవతల వేలాడే బరువు తులాదండంలాగా ముందు చక్రాలను పైకి ఎత్తుతుంది. ఉదాహరణకు 203 సెంటీమీటర్ల ఇరుసుల దూరం గల జీపులో, వెనుక ఇరుసుకు 60 సెంటీమీటర్ల అవతల మొత్తం 180 కిలోల బరువుతో ముగ్గురు నిలబడితే, ముందు ఇరుసు మీది బరువు సుమారు 53 కిలోలు తగ్గుతుంది. నేలను గట్టిగా పట్టుకోలేని ముందు టైర్లు స్టీరింగు మాట వినవు. ఇటువంటి బండికి ఎన్ని కొత్త కీళ్ళు వేసినా ప్రయోజనం ఉండదు.

నేలమీద ఆడించి చూడడం

ఇది అన్నిటికంటే ఎక్కువ సంగతులు తెలిపే పరీక్ష. బండి సమతలం మీద, నాలుగు చక్రాలు నేలను తాకి ఉండగా, వెనుక చక్రాలకు అడ్డు పెట్టి, ఇంజను ఆపి చేయాలి. సహాయకుడు స్టీరింగు చక్రాన్ని వదులు మేరకు అటూ ఇటూ నెమ్మదిగా ఆడిస్తుండగా, మరొకరు గొలుసులోని ఒక్కొక్క లంకెను వరుసగా చూడాలి. ప్రతి కీలు మీద వేలు ఆనించి ఉంచితే, కంటికి కనిపించని ఖాళీ కూడా వేలికి తెలుస్తుంది.

చూడవలసిన సూత్రం ఒకటే: ఒక భాగం కదులుతూ, దాని తరువాతి భాగం కదలకపోతే, లోపం ఆ రెంటి మధ్యనే ఉన్నది.

* స్టీరింగు కడ్డీ తిరుగుతూ డ్రాప్ ఆర్మ్ కదలకపోతే: పెట్టె లోపలి అరుగుదల.
* పెట్టె మొత్తం ఛాసిస్ మీద కదులుతుంటే: బోల్టులు వదులు, లేదా పెట్టె బిగించిన చోట ఛాసిస్ పగులు. పాత బండ్లలో మట్టి, గ్రీజు పొర కింద పగులు దాగి ఉంటుంది. శుభ్రం చేసి చూడాలి.
* డ్రాప్ ఆర్మ్ కదులుతూ డ్రాగ్ లింకు ఆలస్యంగా కదిలితే: వాటి మధ్య కీలు.
* బెల్ క్రాంక్ తిరగడానికి బదులు పైకీ కిందికీ ఊగితే: దాని పిన్ను లేదా బేరింగు.
* టై రాడ్ కదులుతూ నాకిల్ కదలకపోతే: టై రాడ్ కొస.
* నాకిల్ కదులుతూ చక్రం కదలకపోతే: చక్రపు బేరింగు.
* ముందు ఇరుసే కమాన్ల మీద పక్కకు జరుగుతుంటే: యూ-బోల్టులు, కమాన్ బుష్షులు, షాకిళ్ళు.

పవర్ స్టీరింగు గల బండ్లలో ఈ పరీక్షను ఇంజను నడుస్తుండగా కూడా చేయవలసి వస్తుంది. అప్పుడు చేతులు, దుస్తులు తిరిగే భాగాలకు దూరంగా ఉంచుకోవాలి.

చక్రం ఎత్తి ఊపి చూడడం

ముందు ఇరుసును జాకీతో ఎత్తి, దాని కింద గట్టి స్టాండు పెట్టిన తరువాతనే ఈ పరీక్ష చేయాలి. జాకీ ఒక్కదాని మీద నిలిపిన బండి కిందకు ఎవరూ పోరాదు.

టైరును పైన ఒక చేత్తో, కింద ఒక చేత్తో పట్టుకొని ఊపాలి. ఊగు కనిపిస్తే సహాయకుడు బ్రేకు పెడలు తొక్కి పట్టగా మళ్ళీ ఊపాలి. బ్రేకు తొక్కినప్పుడు చక్రం, నాకిల్ ఒకటిగా పట్టుకుంటాయి. అప్పుడు ఊగు పోతే లోపం చక్రపు బేరింగులో ఉన్నట్లు. ఊగు మిగిలితే కింగ్ పిన్నులో ఉన్నట్లు. తరువాత టైరును ఎడమ, కుడి అంచుల వద్ద పట్టుకొని ఊపాలి. పైకీ కిందికీ ఊగు లేక, పక్కలకు మాత్రమే ఉంటే టై రాడ్ కొసలను అనుమానించాలి.

కింగ్ పిన్ను బేరింగులలో మరొక లోపం ఉంటుంది. ఇవి పూర్తిగా తిరిగేవి కావు. కొద్దిపాటి కోణంలో మాత్రమే ఆడతాయి. బండి ఎక్కువ కాలం తిన్నగానే పోతుంది కనుక, గతుకుల దెబ్బలన్నీ ఒకే చోట పడి, బేరింగు గిన్నెలో గుంటలు ఏర్పడతాయి. అప్పుడు వదులు లేకున్నా నాకిల్ మధ్యలో ఒక గాడిలో పడినట్లు ఆగుతుంది. డ్రైవరు కొద్దిగా సరిచేయబోతే అది గాడి దాటి ఎక్కువ తిరుగుతుంది. వెంటనే అవతలి పక్కకు తిప్పవలసి వస్తుంది. బండి పాములాగా పోవడానికి ఇది ఒక కారణం. టై రాడ్‌ను విప్పి, నాకిల్‌ను చేత్తో నెమ్మదిగా తిప్పి చూస్తే ఈ గాడి తెలుస్తుంది.

వెనుక ఇరుసు

స్టీరింగు లోపం అనగానే అందరూ ముందు భాగాన్నే చూస్తారు. కాని వెనుక కమాన్ల యూ-బోల్టులు వదులైనా, కమాన్ కట్టను ఇరుసు మీద నిలిపే నడిమి బోల్టు తెగినా, బుష్షులు అరిగినా వెనుక ఇరుసు కొద్దిగా వంకరగా తిరుగుతుంది. అప్పుడు బండిని వెనుక నుండి ఎవరో తోసినట్లు ఉంటుంది. యాక్సిలరేటరు నొక్కినప్పుడు ఒక పక్కకు, వదిలినప్పుడు మరొక పక్కకు బండి జరిగితే ఇరుసులను పట్టి ఉంచే భాగాలను, ముఖ్యంగా వెనుకవాటిని, తప్పక చూడాలి. కమాన్ కట్ట మీద ఇరుసు జరిగిన చోట తుప్పు గీత గాని, మెరిసే గీత గాని కనిపిస్తుంది.

చక్రాల కోణాలు

పాత విల్లీస్ జీపులకు కాస్టర్ 3 డిగ్రీలు, క్యాంబర్ 1.5 డిగ్రీలు, కింగ్ పిన్ను వాలు 7.5 డిగ్రీలు, టో-ఇన్ 3/64 నుండి 3/32 అంగుళం వరకు (సుమారు 1.2 నుండి 2.4 మిల్లీమీటర్లు) నిర్ణయించారు. ఇతర వాహనాలకు వాటి వాటి కొలతలు వేరు.

కాస్టర్ అనగా కింగ్ పిన్నుల అక్షం పై భాగం వెనుకకు వాలి ఉండడం. సైకిలు ముందు చక్రం తిన్నగా నిలవడానికి, వదిలితే మధ్యకు రావడానికి సాయపడే గుణాలలో ఇది ఒకటి. కాస్టర్ తగ్గితే బండికి తిన్నగా పోయే స్వభావం తగ్గుతుంది. కమాన్లు కుంగినా, బండి ఎత్తు పెంచినా కాస్టర్ మారుతుంది. విల్లీస్ జీపులలో వలె ముందు కమాను షాకిల్ ముందు కొసన ఉన్న బండ్లలో, ఎత్తు కొరకు పొడవైన షాకిళ్ళు వేస్తే ఇరుసు తిరిగి కాస్టర్ తగ్గుతుంది. కాస్టర్‌ను సరిచేయడానికి కమానుకూ ఇరుసుకూ మధ్య వాలు పలకలు వేస్తారు. వీటిని తిరగేసి వేస్తే లోపం రెట్టింపవుతుంది.

ఎత్తు పెంచినప్పుడు డ్రాగ్ లింకు వాలు కూడా ఎక్కువవుతుంది. గతుకులో ఇరుసు పైకి లేచినప్పుడు వాలిన డ్రాగ్ లింకు చక్రాలను పక్కకు నెడుతుంది. డ్రైవరు చేయి కదపకపోయినా బండి దానంతట అది తిరుగుతుంది.

టో-ఇన్‌ను టేపుతో కూడా స్థూలంగా కొలవవచ్చు. ముందు చక్రాలను ఎత్తి తిప్పుతూ, రెండు టైర్ల మీద సుద్దతో చుట్టూ ఒక సన్నని గీత గీయాలి. బండిని దించి కొద్దిగా ముందుకు తోసి, చక్రపు నడిమి ఎత్తులో ఆ గీతల మధ్య దూరాన్ని ముందు వైపు, వెనుక వైపు కొలవాలి. వెనుక కొలత నుండి ముందు కొలతను తీసివేస్తే వచ్చేదే టో-ఇన్. ముందు కొలత పెద్దదైతే చక్రాలు బయటకు చూస్తున్నట్లు. అటువంటి బండి తిన్నని దారిలో నిలవదు.

సాధారణంగా జరిగే పొరపాట్లు

* స్టీరింగు పెట్టె మీది మరను మొదటనే బిగించడం. ఇది అన్నిటికంటే ఎక్కువగా జరిగే పొరపాటు. వదులు బయటి కీళ్ళలో ఉన్నప్పుడు పెట్టెను బిగిస్తే పెట్టె కూడా చెడుతుంది. పెట్టె సాధారణంగా మధ్య స్థానంలోనే ఎక్కువ అరుగుతుంది. అక్కడి ఖాళీ పూర్తిగా పోయేదాకా బిగిస్తే, పక్కకు తిప్పినప్పుడు పట్టేసి, మలుపు నుండి చక్రం వెనుకకు రాదు. వదులు కంటే ఇది ఎక్కువ ప్రమాదం. సరిచేసే పని చక్రాలు తిన్నగా ఉన్న స్థానంలో చేసి, ఆ తరువాత ఒక కొస నుండి మరొక కొసకు తిప్పి ఎక్కడా పట్టడం లేదని చూడాలి.
* స్టీరింగు డంపరు వేసి సరిపెట్టడం. డంపరు చక్రాల కొట్టుకోవడాన్ని అణచివేస్తుంది, అరిగిన కీలును బాగుచేయదు. లోపం లోలోపల పెరుగుతూనే ఉంటుంది.
* అరుగుదల సరిచేయక ముందే అలైన్‌మెంట్ చేయించడం. వదులుగా ఉన్న కీళ్ళ మీద తీసిన కొలత బండి కదలగానే మారిపోతుంది.
* టై రాడ్‌ను, స్టీరింగు చేతిని వేడిచేసి వంచడం, వెల్డింగు చేయడం. ఉక్కు బలం పోయి అది హఠాత్తుగా విరగవచ్చు. ఇటువంటి భాగాలను మార్చవలసిందే.
* తీసిన స్ప్లిట్ పిన్నును మళ్ళీ వాడడం, లేదా దాని స్థానంలో తీగ కట్టడం.

మరమ్మతు క్రమం

పరీక్షలో బయటపడిన లోపాలను నేల వైపు నుండి పైకి సరిచేయడం మంచిది. మొదట టైర్లు, తరువాత చక్రపు బేరింగులు, కింగ్ పిన్నులు, కమాన్లు, ఇరుసు బోల్టులు; ఆపైన టై రాడ్, డ్రాగ్ లింకు కీళ్ళు; ఆ తరువాత స్టీరింగు పెట్టె. కాస్టర్, టో-ఇన్ సరిచేయడం చివరి పని. ప్రతి కీలు నట్టుకూ కొత్త స్ప్లిట్ పిన్ను వేయాలి. గ్రీజు నిపుల్ ఉన్న కీళ్ళకు, బెల్ క్రాంక్‌కు తయారీదారు చెప్పిన కాలవ్యవధిలో గ్రీజు కొట్టాలి. నీటిలో, బురదలో నడిచిన బండికి ఆ వెంటనే గ్రీజు కొట్టడం అవసరం.

పని ముగిసిన తరువాత మొదట ఖాళీ రోడ్డు మీద తక్కువ వేగంతో నడిపి చూడాలి. చక్రం రెండు పక్కలకూ పూర్తిగా తిరగాలి, మలుపు తరువాత తనంతట తాను మధ్యకు రావాలి. కొన్ని రోజులు తిరిగిన పిమ్మట యూ-బోల్టులను, పెట్టె బోల్టులను మరలా బిగించి చూడాలి. కీలు బంతి గిన్నె నుండి ఊడివచ్చేంత వదులుగా ఉన్నా, ఛాసిస్‌లో పగులు కనిపించినా ఆ బండిని మరమ్మతు శాలకు కూడా నడిపి తీసుకుపోరాదు; మరొక వాహనం మీద ఎక్కించి పంపాలి.

ఇవి కూడా చూడండి

* జీపు
* ఇరుసు
* కమాను
* బేరింగు
* టైరు